పెట్టేటోళ్లు మస్తుమంది.. తీసేటోళ్లేరి?

ఐదేండ్ల కింద మా వదినెను బండి మీద ఎక్కించుకొని మూడుసార్లు సర్కారు దవాఖానకు తీస్కపోయిన. మూడుసార్లు కూడ నాకు చెప్పింది ఒక్కటే మాట, "కడుపుల నొస్తుంది తమ్మీ" అని. నేను ఇంకేం అడగలె. మరిదిని, నేను అడిగే ముచ్చట కాదనుకున్న. బయట వేపచెట్టు కింద బండి స్టాండేసి ఫోన్ చూసుకుంట కూసున్న. మూడోసారి మాత్రం లోపలికెల్లి నర్సమ్మ గొంతు చెట్టుదాకా వినపడ్డది. "పదేండ్లు పనిచేసేది పెడితే ఏడాదికే తీయమంటవేంది? మీ ఆయన సంతకం పట్టుకరాపో, అప్పుడు చూద్దాం."

మా అన్న అప్పటికి దుబాయి పోయి ఏడాది అయితుంది. ఇంకో ఏడాది దాక రాడు.

అసలు సంగతి ఆ రోజు ఇంటికి పోయినంక అక్క చెప్తే తెలిసింది. వదినెకు కాన్పు అయిన దినమే కాపర్ టీ వేసిండ్రు. నొప్పుల మీద ఉన్నప్పుడు ఏదో కాయితం మీద సంతకం తీసుకున్నరు. అదేందో, ఎన్నేండ్లు ఉంటదో, వద్దనుకుంటే ఏం చెయ్యాల్నో ఎవరు చెప్పలె. ఇంటికొచ్చినంక నెలల పది పన్నెండు దినాలు రక్తం పోవుడు, నడుము గుంజుడు. బీడీలు చుట్టుకుంట గంట సేపు కూసోనికి రాకపోవు. మొగడు దేశంల లేడు, గర్భం వచ్చే ముచ్చటనే లేదు. అయినా తీయమంటే తీయలె. మొదటిసారి పోతే "సర్దుకుంటది" అన్నరు. రెండోసారి పోతే గోలీలు ఇచ్చిండ్రు. మూడోసారి సంతకం అడిగిండ్రు. ఆఖరికి ప్రైవేటుల తీయించినం. ఐదు నిమిషాల పని. బీడీల పైసలన్నీ ఆ ఐదు నిమిషాలకే పోయినయి.

గిది రాయాల్నా వద్దా అని మొన్న వదినెనే అడిగిన. "పేరు రాయకు, ఊరు రాయకు, మిగిలింది రాయి" అన్నది. అందుకే రాస్తున్న. ఎందుకంటే గిప్పుడు ఇంకో కొత్తది వస్తుంది. దాని పేరు ఇంప్లాంట్. జబ్బల పెడతరు. మూడేండ్లు ఉంటది. కాపర్ టీ కాడ చేసిన తప్పు దీని కాడ కూడ చేస్తే ఆడోళ్లకు మళ్ల గదే గోస.

ఏంది గీ ఇంప్లాంట్?

అగ్గిపుల్ల అంత సన్నగ, 4 సెంటీమీటర్ల పొడుగు ఉండే మెత్తటి పుల్ల అది. మోచెయ్యికి పైన, లోపలి దిక్కు, తోలు కింద పెడతరు. తిమ్మిరి సూది ఇచ్చి పెట్టుడే, కోత కుట్లు ఉండయి. అండ్లకెల్లి ఒక హార్మోన్ మందు రోజింత రోజింత ఒంట్లకు దిగుతుంటది. దానితోని నెలనెలా అండం విడుదల కాకుండ ఆగుతది. గర్భసంచి మూతికాడ ఉండే జిగురు చిక్కబడి వీర్యకణాలు లోపలికి పోవు. 'ఇంప్లానాన్ ఎన్‌ఎక్స్‌టీ' అనే రకం అయితే మూడేండ్లు పనిచేస్తది. వేసుకున్న వెయ్యి మంది ఆడోళ్లల్ల ఏడాదికి ఒక్కరికన్న ఎక్కువ మందికి గర్భం రాదు. రోజూ గోలీ యాదికి పెట్టుకునే పని లేదు. తీసేసినంక తొందర్లనే మళ్ల పిల్లలు అయితరు.

అంటే సామాను మంచిదే. ముందుగాల గీ మాట సాఫ్ చెప్పాలె. లేకుంటే గీ వ్యాసం సదివి "ఇంప్లాంట్ అంటే డేంజర్" అని వాట్సాప్‌ల తిప్పేటోళ్లు ఉంటరు. నేను చెప్పేది అది కాదు.

దీనికి ఇబ్బందులు కూడ ఉన్నయి. పెద్దది, ముట్టు లెక్క తప్పుడు. కొందరికి నెలల తరబడి రానే రాదు. కొందరికి చుక్కలు చుక్కలుగ ఎన్నో దినాలు కనపడుతనే ఉంటది. మొత్తమ్మీద పోయే రక్తం ఎక్కువేం కాదు, పానానికి భయం లేదు అంటరు డాక్టర్లు. నిజమే. కానీ మన ఇండ్లల్ల ముట్టు అంటే ఉట్టి రక్తం ముచ్చటేనా? నెలల పదిహేను దినాలు మరక కనపడ్డ కోడలు పూజగదిల అడుగుపెట్టది. బోనం ఎత్తనియ్యరు. పొలంల నాటు వెయ్యవోతే బట్ట మార్చుకునే జాగ ఉండదు. ముట్టు రాకపోతే ఇంకో లొల్లి, "నెల తప్పిందా?" అని అత్త చూపు. డాక్టర్‌కు చిన్న ఇబ్బంది అనిపించేది గీ బిడ్డకు దినాం నరకం కావచ్చు. అందుకే ఉంచుకోవాల్నా, తీయించుకోవాల్నా అన్నది ఆమెనే చెప్పాలె. ఇంకోళ్లు చెప్పేది కాదు.

2023 నుంచి కేంద్ర సర్కారు దీన్ని కుటుంబ నియంత్రణ పథకంలకు తెస్తుంది. కొన్ని రాష్ట్రాలల్ల కొన్ని జిల్లాలు ఎంచుకొని మొదలుపెట్టింది. బీహార్‌ల పాట్నా, భాగల్‌పూర్ గట్ల మొదలైనయే. పట్నాల ప్రైవేటు దవాఖాన్లల్ల పైసలు పెడితే ఇప్పటికే దొరుకుతది. ఇయ్యాల కాకపోతే రేపు మన మండల దవాఖానకు కూడ వస్తది. వచ్చినంక లొల్లి చేసుడు కన్న, రాకముందే తెలుసుకొని అడుగుడు మంచిది.

నూటికి ఎంతమంది ఉంచుకుంటరు?

గిసొంటియి వచ్చినప్పుడు సర్కార్లు, సంస్థలు ఒక లెక్క చూపెడతయి. ఇంతమందికి పెట్టినం, అండ్ల ఇంతమంది ఇంకా వాడుతున్నరు అని. 'కొనసాగింపు' అంటరు దాన్ని. కొనసాగింపు ఎక్కువుంటే పథకం పాస్, తక్కువుంటే ఫెయిల్. నాకు గీ లెక్క మీదనే అనుమానం.

అమెరికాల సెయింట్ లూయిస్ అనే పట్నంల 2007 నుంచి 2011 దాక 9 వేల మందికి పైగా ఆడోళ్లను చేర్చుకొని ఒక పెద్ద అధ్యయనం చేసిండ్రు. దాని పేరు 'చాయిస్ ప్రాజెక్ట్'. అక్కడ అన్ని రకాలు ముందల పెట్టిండ్రు, మంచి చెడ్డ చెప్పిండ్రు, నచ్చింది పైసా లేకుండ ఇచ్చిండ్రు. ఇంప్లాంట్ తీసుకున్నోళ్లల్ల ఏడాది తర్వాత నూటికి 83 మంది ఇంకా ఉంచుకున్నరు. మూడేండ్ల తర్వాత ఎంతమంది ఉన్నరనుకున్నరు? నూటికి 56 మంది.

ఒక్కసారి సోంచాయించుండ్రి. అన్నీ చెప్పి, ఇష్టపడి తీసుకున్న కాడనే మూడేండ్లల్ల సగానికి కొంచెం తక్కువ మంది తీసేసుకున్నరు. కొందరికి పిల్లలు కావాలనిపించింది. కొందరికి ముట్టు పడలె. కొందరికి అవసరం తీరింది. ఇండ్ల ఫెయిలేం లేదు. మనిషి బతుకు మారుతుంటది, దానితోని అవసరం మారుతుంటది.

మరి రేపు మన దిక్కు ఏదన్న జిల్లాల "మూడేండ్ల తర్వాత కూడ నూటికి 95 మంది కొనసాగుతున్నరు" అని రిపోర్ట్ వస్తే చప్పట్లు కొడదామా? నేనైతే భయపడత. ఆ 95 మందిల ఎంతమంది నచ్చి ఉంచుకున్నరు, ఎంతమంది మా వదినె లెక్క మూడుసార్లు తిరిగి తిరిగి ఊకున్నరు? రిజిస్టర్ల ఇద్దరు ఒక్కతీరుగనే కనపడతరు. మా వదినె ప్రైవేటుల తీయించుకున్నా, ఆ సర్కారు దవాఖాన రిజిస్టర్ల ఇప్పటికీ 'వాడుతున్నామె' గనే ఉన్నదేమో, ఎవరికెర్క?

ముందు పోయినోళ్లు ఎక్కడ పడ్డరు?

ఇంప్లాంట్ దునియాకు కొత్తదేం కాదు. దీనికన్న ముందు 'నార్‌ప్లాంట్' అని ఉండె. ఒక్క పుల్ల కాదు, ఆరు పుల్లలు పెట్టేటోళ్లు. ఐదేండ్లు పనిచేసేది. పెట్టుడు అల్కగ అయ్యేది, తీసుడే కష్టం.

ఇండోనేషియాల 1980లల్ల లక్షల మందికి పెట్టిండ్రు. 'సఫారీ' పేరుతోని ఊర్ల మీద పడి, ఆఫీసర్లు, కొన్ని కాడ్ల పోలీసోళ్లు మిలిటరోళ్లు కూడ నిలబడి, టార్గెట్లు పెట్టి చేసిండ్రు. పెట్టేటోళ్లకు ట్రైనింగ్ ఇచ్చిండ్రు గని, తీసేటోళ్లను సరిపోను తయారు చెయ్యలె. ఐదేండ్లు అయినంక తీయాలె గదా? తీసేటోళ్లు లేక గడువు దాటిన పుల్లలు చేతులల్లనే ఉండిపోయినయి.

బంగ్లాదేశ్‌ల 1985 నుంచి పేద ఆడోళ్ల మీద ట్రయల్ చేసిండ్రు. కండ్లు తిరుగుతున్నయి, రక్తం ఆగుతలేదు, తీయుండ్రి అని పోతే తిప్పి పంపిండ్రని 'ఉబినిగ్' అనే అక్కడి సంస్థ ఆ ఆడోళ్లతోని మాట్లాడి బయటపెట్టింది. అధ్యయనం మధ్యల తీసేస్తే లెక్క పాడైతది గదా, గందుకే తిప్పుడు. మనిషి కన్న లెక్క పెద్దదైంది.

ఇది పేద దేశాల ముచ్చటే అనుకోకుండ్రి. అమెరికాల 1990 డిసెంబర్‌ల నార్‌ప్లాంట్‌కు అనుమతి వచ్చింది. రెండు దినాలకే 'ఫిలడెల్ఫియా ఇంక్వైరర్' అనే పెద్ద పేపర్ నల్లజాతి పేదోళ్లల్ల దీన్ని వాడిపియ్యాలన్నట్టు సంపాదకీయం రాసింది. జనం తిరగబడితే మాఫీ అడిగింది. తర్వాత నెలనే, 1991 జనవరిల, కాలిఫోర్నియాల ఒక జడ్జి పిల్లలను కొట్టిన కేసుల ఒక నల్లజాతి తల్లికి జైలు శిక్ష తగ్గియ్యాలంటే నార్‌ప్లాంట్ పెట్టించుకోవాలె అని షరతు పెట్టిండు. దాన్ని తయారు చేసినోళ్లల్ల ముఖ్యుడు షెల్డన్ సీగల్ అని ఒకాయన, బలవంతంగ వాడుడు తప్పు అని బాజాప్తా చెప్పిండు. ఆడోళ్ల చేతిల ఉండాల్సిన సామాను అని ఆయన చేస్తే, ఇంకోళ్ల చేతిల కొరడా అయింది.

ఇగ ఇథియోపియా ముచ్చట మనకు బాగ దగ్గరిది. మనకు ఆశా అక్కలు, ఏఎన్‌ఎంలు ఉన్నట్టు అక్కడ ఊర్లల్ల ఆరోగ్య కార్యకర్తలు ఉంటరు, దాదాపు అందరు ఆడోళ్లే. 2009ల వాళ్లకు ఒంటి పుల్ల ఇంప్లాంట్ పెట్టుడు నేర్పిండ్రు. మంచి పని. ఊరు దాటకుండనే ఆడోళ్లకు దొరికింది, లక్షల మంది తీసుకున్నరు. కానీ తీసుడు మాత్రం వాళ్లకు నేర్పలె. తీయాలంటే పెద్ద దవాఖానకు పోవాలె. అంటే పెట్టుడు ఇంటి ముందల, తీసుడు మైళ్ల దూరంల. కూలి పోగొట్టుకొని, పిల్లగాన్ని సంకనేసుకొని, బస్సు కిరాయి పెట్టుకొని పోవాలె. గట్ల పోలేక ఆగినామె కూడ 'కొనసాగుతున్న' లెక్కలనే వస్తది. తర్వాత ఆ సర్కారు కూడ సంగతి గుర్తువట్టి తీసే సేవల మీద నజర్ పెట్టింది. మనం మొదటి దినం నుంచే పెడితే అయిపోతది గదా.

పటాన్‌చెరు యాది మర్చిపోవద్దు

మన గడ్డ మీద కూడ ఒక కథ ఉన్నది. గీ తరం పోరగాండ్లకు చానమందికి తెల్వదు. 1985ల, అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల 'నెట్-ఎన్' అనే సూది మందు ట్రయల్ మొదలుపెట్టిండ్రు. అది కూడ పిల్లలు కాకుండ ఆపేదే, ఒక్క సూది ఇస్తే నెలలు పనిచేస్తది. ఊర్ల ఆడోళ్లను పిలిచిండ్రు. సూది వేసుకుంటే పిల్లలు కారు అన్నంత వరకే చెప్పిండ్రు. ఇది ఇంకా పరీక్షల ఉన్న మందు అని, ఇబ్బందులు ఉంటయని చెప్పలె. హైదరాబాద్‌ల ఉండే స్త్రీశక్తి సంఘటన వాళ్లు అక్కడికి పోయి ఆడోళ్లకు అసలు సంగతి చెప్పిండ్రు. తెలిసినంక చానమంది సూది వద్దని ఇంటి తొవ్వ పట్టిండ్రు.

ముచ్చట ఆడనే ఆగలె. స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీల ఉండే సహేలీ, ఇంకొందరు కలిసి 1986ల సుప్రీంకోర్టుకు పోయిండ్రు. కేసు 2000 దాక నడిచింది. నెట్-ఎన్‌ను జనం మీదికి పెద్ద ఎత్తున వదలం అని సర్కారు ఒప్పుకున్నంక కేసు ముగిసింది. చెప్పకుండ సూది ఇచ్చుడు తప్పని అడిగినోళ్లు మన దగ్గరోళ్లే. ఆ అడుగుడు వట్టిగ పోలే.

నాకు దీంట్ల పట్టుకోవాల్సింది ఒక్కటి కనపడుతది. ఆ ఆడోళ్లు సూదిని చూసి భయపడి పోలే. చెప్పలేదని తెలిసి పోయిండ్రు. ముందే చెప్పి ఉంటే కొందరు ఉండేటోళ్లే కావచ్చు. చెప్పకుండ చేస్తే మంచి మందు మీద కూడ నమ్మకం పోతది. పోయిన నమ్మకం ఒక తరం దాక రాదు.

మనకు అసలు ఉన్న తొవ్వెంది?

ఇంప్లాంట్ వద్దే వద్దు అనేటోళ్లకు నాదొక సవాల్. ఇప్పుడు మన ఆడోళ్లకు ఏమున్నది చెప్పుండ్రి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే ఆంధ్రప్రదేశ్‌ల పెండ్లయిన ఆడోళ్లల్ల నూటికి దగ్గర దగ్గర 70 మంది, తెలంగాణల 60 మందికి పైనే పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించుకున్నోళ్లు. దేశం మొత్తమ్మీద నూటికి 38 మంది. మనోళ్లు గంత ముందున్నరు. ఆ ఆపరేషన్ కూడ చానమందికి 25 నిండకముందే. మొగోళ్ల ఆపరేషన్ దేశం మొత్తంల వెయ్యి మందికి ముగ్గురు. అది కత్తి పెట్టకుండ, చిన్నగ, తొందర్ల అయ్యే ఆపరేషన్. అయినా ఎవ్వలు ముందలికి రారు.

ఎందుకు రారంటే, ఎమర్జెన్సీ యాది. 1976-77ల ఒక్క ఏడాదిల దేశంల 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేసిండ్రు, అండ్ల ఎక్కువ మొగోళ్లకే, చానమందికి బలవంతంగనే. జనం సర్కారునే దించిండ్రు. ఆ దెబ్బతోని సర్కార్లు మొగోళ్ల జోలికి పోవుడు బంద్ పెట్టి, బరువంతా ఆడోళ్ల మీద పెట్టినయి. మొగోళ్లు తిరగబడ్డరు, తప్పించుకున్నరు. ఆడోళ్లకు తిరగబడే సందు దొరకలె.

ఆ బరువు ఎట్లుంటదో 2014 నవంబర్‌ల ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌ల చూసినం. ఒక్క క్యాంపుల కొన్ని గంటలల్ల 83 మందికి ఆపరేషన్లు చేసిండ్రు, ఆ వారంల పదిమందికి పైగా ఆడోళ్లు చచ్చిపోయిండ్రు. 2016ల సుప్రీంకోర్టు మూడేండ్లల్ల గిసొంటి క్యాంపులు బంద్ కావాలె అన్నది. అయినా 2022 ఆగస్టుల మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంల ఒక్క దినం 34 మందికి చేసిండ్రు, నలుగురు తల్లులు పోయిండ్రు. అందరు చిన్న పిల్లల తల్లులే.

అంటే మన ఆడోళ్లకు ఇరవై మూడు, ఇరవై నాలుగేండ్లకే కత్తి తప్ప ఇంకో తొవ్వ సరింగ చూపెట్టలె. మూడేండ్లు ఆగి చూద్దాం, మనసు మారితే తీసేసుకుందాం అనేది ఒకటి ఉండాలె. ఇంప్లాంట్ ఆ జాగల మంచిగ పనికొస్తది. అందుకే రావాలె అంటున్న.

కానీ మా వదినె ఏం చేసిందో చూడుండ్రి. అన్న దుబాయికెల్లి వచ్చినంక రెండో కాన్పు అయింది. ఇంకో రెండేండ్లు ఆగి ఆలోచించుకుందాం అనుకుంది గని, "మళ్ల లూప్ వేస్తే మళ్ల తీయరు" అని భయపడ్డది. కాన్పుతోని ఆపరేషన్ చేయించుకున్నది. అప్పటికి ఆమెకు 24. మా వాడల ఆమె గోస చూసినోళ్లు ఎవ్వరు కాపర్ టీకి ఒప్పుకోలె. ఒక్క దవాఖానల ఒక్క మనిషికి తీయమన్నప్పుడు తీయకపోతే, ఒక వాడ మొత్తానికి ఒక తొవ్వ మూసుకపోయింది. తీయనంటే ఎక్కువ మంది ఉంచుకుంటరు అనుకుంటరు. ఉల్టా అయితది. తీస్తరు అన్న భరోసా ఉన్నకాడనే ఎక్కువ మంది ధైర్యంగ పెట్టించుకుంటరు.

పైసలు ఎటుంటే పని అటు

మరి నర్సమ్మ ఎందుకు తీయలె? ఆమె చెడ్డదని నేను అనను. ఆమె మీద లెక్క ఉంటది. కాన్పు అయినంక కాపర్ టీ వేస్తే వేసినోళ్లకు 150 రూపాయలు, తోల్కవచ్చిన ఆశా అక్కకు 150, వేసుకున్నామెకు 300 అని కేంద్రం పథకంల ఉన్నది. తీసినందుకు గిసొంటి ఇనాం లేదు. 1996లనే టార్గెట్లు ఎత్తేసినం అని సర్కారు అన్నది. కాయితం మీద ఎత్తేసిండ్రు గని, నెలాఖరుకు మీటింగ్‌ల "మీ సెంటర్‌ల ఎన్ని అయినయి?" అని అడుగుడు ఆగిందా? 'ఎన్ని తీసినవు' అని అడిగితే మాత్రం అది తిట్టు లెక్కనే ఉంటది.

ఇంకో దిక్కు గాలి కూడ మారుతుంది. నిన్నటిదాక "ఇద్దరు చాలు" అన్నోళ్లే ఇయ్యాల పిల్లలను కనుండ్రి అంటున్నరు. పిల్లల సంఖ్య తక్కువైతుందని 2024ల ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ, ఇద్దరికన్న ఎక్కువ ఉంటే స్థానిక ఎన్నికలల్ల నిలబడొద్దన్న రూల్ ఎత్తేసింది. రూల్ ఎత్తేసుడు మంచిదే. కానీ చూడుండ్రి, నిన్న వద్దన్నది సర్కారే, ఇయ్యాల కావాలంటున్నది సర్కారే. నిన్న తీయమంటే తీయనోళ్లు, రేపు పెట్టుమంటే పెట్టమంటరేమో. రెండూ ఒక్కటే తప్పు. ఆమె ఒళ్లు సర్కారు లెక్కల పుస్తకం కాదు.

ఏం అడగాలె?

గీ పథకం మన మండలానికి వచ్చిననాడు, గ్రామసభలనో, దవాఖాన కాడనో మనం అడగాల్సినయి చెప్త. పెద్దయేం కాదు.

ఒకటి, పెట్టే కాడనే తీసేటోళ్లు ఉండాలె. తీసుడు ఇంకో విద్య. చిన్న కోత పెట్టి, పుల్లను వేలితోని తడిమి పట్టుకొని తీయాలె. లోతుకు పోతే ఎక్స్‌రేనో స్కానింగో కావాలె. ట్రైనింగ్ లేనోళ్లు కెలికితే నరం దెబ్బతింటది. ఆర్‌ఎంపీ కాడ తీయించుకునే పరిస్థితి రావొద్దు.

రెండు, తీయమన్న దినమే తీయాలె. పైసలు లేకుండ, కారణం అడగకుండ, మొగని సంతకం లేకుండ. మొగని సంతకం కావాలని చట్టంల ఏడ లేదు. పెట్టేటప్పుడు అడగని సంతకం తీసేటప్పుడు ఎందుకు?

మూడు, పెట్టకముందే అన్నీ చెప్పాలె, తెలుగుల, ఆమెకు అర్థమయ్యేటట్టు, నొప్పుల మీద ఉన్నప్పుడు కాదు. ముట్టు మారుతది అని ముందే చెప్పిన కాడ ఆడోళ్లు తొందరపడి తీయించుకునుడు తక్కువ. టీబీకి వాడే రిఫాంపిసిన్, కొన్ని ఫిట్స్ మందులు వాడేటోళ్లకు ఇది సరిగ పనిచెయ్యదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినోళ్లకు, కారణం తెల్వకుండ రక్తం పోయేటోళ్లకు పెట్టొద్దు. హెచ్‌ఐవీని ఇది ఆపదు, దానికి నిరోధ్ వాడాలె. పెట్టిన తేదీ, తీయాల్సిన తేదీ రాసిన కార్డు చేతికియ్యాలె.

నాలుగు, రిజిస్టర్ల కొత్త గడి పెట్టాలె. ఎంతమంది తీయమన్నరు, ఎంతమందికి ఆ దినమే తీసినం అని. పెట్టినందుకు పైసలిస్తే, తీసినందుకు కూడ గంతే ఇయ్యాలె. అప్పుడే కొనసాగింపు లెక్కను నేను నమ్ముత.

ఇగ తమ్ముండ్లకు ఒక మాట. మనం బండి మీద తీస్కపోయి చెట్టు కింద ఫోన్ చూసుకుంట కూసుంటం. నేనూ గట్లనే కూసున్న. మొదటిసారే "ఏమైంది వదినె" అని అడగకున్నా, అక్కను ముందల పెట్టి అడిగిపిచ్చి ఉంటే రెండు తిరుగుళ్లు తప్పేటియి. ఆ నర్సమ్మ సంతకం అడిగినప్పుడు నేను లోపలికి పోయి "ఏ రూల్‌ల ఉన్నదమ్మా, చూపెట్టు" అని అడగొచ్చు. అడగలె. సిగ్గు అడ్డమొచ్చింది. ఆ సిగ్గు ఖరీదు వదినె కట్టింది. పెండ్లయిన తమ్ముండ్లు ఇంకొంచెం ఎక్కువ చెయ్యొచ్చు. పిల్లలు చాలనుకుంటే కత్తి లేని ఆపరేషన్ మనకూ ఉన్నది.

రాసుడు అయిపోయినంక వదినెకు సదివి వినిపించిన. ఇంప్లాంట్ ముచ్చట మొత్తం విని, "గిసొంటిది అప్పుడుంటే పెట్టించుకునేదాన్నేమో" అన్నది. కొద్దిసేపు ఊకుండి, బీడీల చాట దగ్గరికి గుంజుకొని, "తీస్తరంటేనే" అన్నది.